తోట తవ్వకంలో దొరికిన విరిగిన పళ్ల చక్రం ఏ వాహనానిదో తేల్చడం ఎలా?

తోటమడి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పండ్ల మొక్క నాటడానికి తోటలో గొయ్యి తవ్వుతుండగా మోకాటి లోతున బరువైన ఇనుప వస్తువు ఒకటి బయటపడింది. అది వలయాకారంలో ఉంది, అయితే ఒకచోట విరిగిపోవడం వల్ల సుమారు మూడో వంతు లేదు. మిగిలిన ముక్కకు ఒక ముఖం మీద మాత్రమే పళ్లున్నాయి. మామూలు పళ్ల చక్రంలో లాగా అవి బయటి అంచు చుట్టూ లేవు, ముఖం మీద ఏటవాలుగా, కేంద్రం వైపు చూస్తున్నట్టుగా ఉన్నాయి. లోపలి అంచు వెంబడి సమాన దూరంలో రంధ్రాలున్నాయి, వాటిలో రెండింటిలో బోల్టులు తుప్పుపట్టి ఇరుక్కుపోయాయి.

దానికి జానెడు దూరంలోనే గుప్పిట్లో పట్టేంత చిన్న పళ్ల చక్రం మరొకటి దొరికింది. అది విరగలేదు. దాని మధ్య రంధ్రం ఒకవైపు వెడల్పుగా మొదలై రెండోవైపుకు వెళ్లేకొద్దీ సన్నబడుతోంది, లోపలి గోడలో పొడవునా ఒక గాడి కూడా ఉంది. రెండింటి మీదా మట్టి, తుప్పు కలిసి గట్టిపడిన పొర ఉన్నందువల్ల అక్షరాలు గాని అంకెలు గాని ఇప్పటికైతే కనిపించడం లేదు.

ఇది మోటారు వాహనం భాగమా, లేక పొలం పనుల యంత్రానిదా? వాహనానిదే అయితే ఏ కాలపుదో, ఏ బండిదో చెప్పే వీలుందా? శుభ్రం చేయడం మొదలుపెడితే మళ్లీ వెనక్కి రాని ఆధారాలేవైనా పోతాయేమోనన్న భయంతో ఇంకా దేనినీ ముట్టుకోలేదు.

పాత ఇంజన్లు

ముట్టుకోకుండా ఆగి అడగడం చాలా మంచి పని చేశారు. గుర్తింపు సంగతి నాకంటే బాగా తెలిసినవారు చెబుతారు గనుక నేను జాగ్రత్తలకే పరిమితమవుతాను.

దొరికిన రెండూ పళ్ల చక్రాలే కాబట్టి వాటితో ప్రమాదమేమీ లేదు. కానీ అదే గోతిలో ఇంకా తవ్వేటప్పుడు రెండు వైపులా మూసి ఉన్న బరువైన గొట్టం లాంటిది, మొన తేలినది, లేదా వెనుక రెక్కలున్నది కనిపిస్తే మాత్రం దాన్ని కదిలించకుండా, గునపం తాకించకుండా వెనక్కి వచ్చి అధికారులకు చెప్పండి. భూమిలో పాతుకుపోయిన పాత మందుగుండు తుప్పు పట్టినంత మాత్రాన నిర్వీర్యం కాదు.

రెండో సంగతి బ్రేకుల గురించి. పాత వాహనాల బ్రేకు పట్టీలలోను, క్లచ్ పలకలలోను ఆస్బెస్టాస్ వాడేవారు. వంపు తిరిగిన లోహపు పట్టీకి రివెట్లతో బిగించిన, పెళుసైన, నారలాంటి పదార్థం కనిపిస్తే దాన్ని పొడిగా గీకవద్దు. తడిపి, సంచిలో చుట్టి పక్కన పెట్టండి.

ఇక చివరిగా, రెండు ముక్కలు ఎంత లోతున, ఎంత ఎడంగా, ఏ దిశలో పడి ఉన్నాయో మట్టి పూడ్చకముందే ఒక కాగితం మీద గీసి పెట్టుకోండి. రెండూ పక్కపక్కనే దొరికాయన్న వాస్తవం, అవి ఒకే జతకు చెందినవని చెప్పడానికి మీ దగ్గరున్న తొలి ఆధారం.

గేర్ల లెక్క

మీ వర్ణన చాలా స్పష్టంగా ఉంది. పెద్దది క్రౌన్ వీల్, చిన్నది పినియన్. వెనుక చక్రాలకు శక్తిని అందించే వాహనంలో ఇంజను నుంచి వచ్చే పొడవాటి షాఫ్టు బండి పొడవు వెంబడి తిరుగుతుంది, కానీ చక్రాల ఇరుసు అడ్డంగా తిరగాలి. ఆ తిరుగుడును తొంభై డిగ్రీలు మళ్లించి, అదే సమయంలో వేగం తగ్గించి బలం పెంచేది ఈ జతే. క్రౌన్ వీల్‌ను డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే అమరిక) పెట్టెకు బోల్టులతో బిగిస్తారు. మీరు చెప్పిన లోపలి అంచు రంధ్రాలు అందుకోసమే. పినియన్‌లోని సన్నబడే రంధ్రం, గాడి చూస్తే అది షాఫ్టుతో ఏకంగా చేసినది కాదని తెలుస్తుంది. కొసన సన్నబడే షాఫ్టు మీదికి దాన్ని ఎక్కించి, జారకుండా గాడిలో కీ అనే చిన్న ఉక్కు ముక్క పెట్టి, చివర నట్టుతో బిగించేవారు. ఆ తరువాతి కాలపు కార్లలో పినియన్‌ను, దాని కాడను ఒకే ఉక్కు ముక్కతో చేయడం మామూలైంది కనుక, ఈ ఒక్క లక్షణమే మీ వస్తువును పాత కాలం వైపు నెడుతోంది.

కాలం తేల్చడానికి పళ్ల ఆకారానికి మించిన సాక్ష్యం లేదు. తొలినాటి కార్లలో ఈ పళ్లు తిన్నగా ఉండేవి, అంటే ప్రతి పంటినీ పొడిగిస్తే దాని గీత నేరుగా కేంద్రం వైపే పోతుంది. ఇలాంటి పళ్లు పొడవంతా ఒక్కసారిగా తాకుతాయి గనుక బండి నడుస్తున్నంతసేపూ మోత ఉంటుంది. ఆ మోత తగ్గించడానికి వంకర పళ్ల స్పైరల్ బెవెల్ వచ్చింది, ప్యాకార్డ్ సంస్థ దాన్ని 1913లో కార్లలో ప్రవేశపెట్టింది. వంకర పన్ను ఒక కొస నుంచి క్రమంగా తాకుతూ పోతుంది, మొదటిది పూర్తిగా విడవకముందే రెండోది అందుకుంటుంది. ఆపైన 1926లో అదే సంస్థ హైపాయిడ్ పద్ధతిని తెచ్చింది. అందులో పినియన్ నడిమి రేఖ క్రౌన్ వీల్ కేంద్రం కంటే కిందికి జరుగుతుంది, దానివల్ల షాఫ్టు కిందికి దిగి బండి నేల ఎత్తు తగ్గుతుంది. మీ పళ్లు తిన్నగా ఉన్నాయా, వంకరగా ఉన్నాయా అన్నది మొదట చూడండి. వంకరగా ఉంటే 1913కు ముందరి కారు కాదని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. తిన్నగా ఉంటే మాత్రం అంత కచ్చితత్వం రాదు, ఎందుకంటే చౌకగా తయారయ్యే బండ్లలో తిన్నని పళ్లు చాలా ఏళ్లు కొనసాగాయి.

తరువాత పళ్ల లెక్క. పినియన్ విరగలేదు కనుక దాన్ని నేరుగా లెక్కపెట్టవచ్చు. విరిగిన వలయానికి చిన్న రేఖాగణితం కావాలి. ముక్కను దళసరి కాగితం మీద పెట్టి బయటి అంచు వెంబడి పెన్సిలుతో గీయండి. ఆ చాపం మీద ఎడంగా రెండు జ్యాలు గీసి, వాటి లంబ సమద్విఖండన రేఖలు కలిసే బిందువును గుర్తిస్తే అదే కేంద్రం. అక్కడి నుంచి మిగిలిన పళ్లలో మొదటిదాని కొనకు, చివరిదాని కొనకు గీతలు గీసి, పళ్లున్న వైపు కోణం కొలవండి. ఆ కోణాన్ని పళ్ల మధ్య ఎడాల సంఖ్యతో భాగిస్తే ఒక్కో పంటికి ఎన్ని డిగ్రీలో వస్తుంది, దానితో 360ని భాగిస్తే మొత్తం పళ్లు వస్తాయి. పళ్ల సంఖ్యతో కాదు, ఎడాల సంఖ్యతో భాగించాలన్నది మరవవద్దు. ఇరవై పళ్ల మధ్య ఎడాలు పంతొమ్మిదే ఉంటాయి.

వచ్చిన జవాబును సరిచూసుకోవడానికి ఒక మార్గం కూడా ఉంది. ఈ జతలలో రెండు సంఖ్యలకూ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేకుండా చూడడం రూపకర్తల అలవాటు. అలా ఉంటే పినియన్‌లోని ప్రతి పన్నూ క్రౌన్ వీల్‌లోని ప్రతి పంటితోనూ వంతులవారీగా కలుస్తుంది, అరుగుదల అంతటా సమానంగా పడుతుంది. మీ లెక్కలో పెద్ద సంఖ్య చిన్నదానికి సరిగ్గా నాలుగు రెట్లు వచ్చిందంటే, ఇంకోసారి కొలవడం మంచిది.

పొలం యంత్రాలు

పై సమాధానంలోని పద్ధతి నాకు నచ్చింది, కానీ అది వాహనానిదే అన్న నిర్ణయానికి ఇంత తొందరగా రావడం నాకు సమ్మతం కాదు. తోటల్లోను, పొలాల్లోను పాతిపడి దొరికే ఏటవాలు పళ్ల జతలలో చాలావరకు కోత యంత్రాలవి, నీటి పంపులవి, పశువులతో తిప్పించే గానుగల వంటివాటివి. తొంభై డిగ్రీల మళ్లింపు వాటికీ అవసరమే. లోపలి అంచులో రంధ్రాలు ఉన్నంత మాత్రాన డిఫరెన్షియల్ ఉన్నట్టు కాదు.

తేడా తెలియడానికి ఆకారం కంటే తయారీని చూడాలి. పొలం యంత్రాల చక్రాలు ఎక్కువగా పోత ఇనుపవి. వాటి పళ్లను కోయరు, అచ్చులో పోసినప్పుడే వస్తాయి. అందువల్ల పంటికీ పంటికీ మందంలో సన్నని తేడాలుంటాయి, పక్క గోడలు ఇసుక అచ్చు గరుకుతో ఉంటాయి, ఎక్కడో ఒకచోట అచ్చు రెండు సగాలు కలిసిన గీత కనిపిస్తుంది. వాహనపు క్రౌన్ వీల్‌ను ఉక్కుతో చేసి, పళ్లను యంత్రం మీద కోసి, పైపొరను గట్టిపరుస్తారు. విరిగిన చోట కూడా చూడండి. పోత ఇనుము విరిగిన ముఖం ముదురు బూడిద రంగులో గరుకు రేణువులుగా కనిపిస్తుంది. చాలా కాలం భూమిలో ఉన్న పోత ఇనుములో ఇనుము కరిగిపోయి గ్రాఫైటు మిగిలిపోతుంది, అలాంటి చోట కత్తి మొనతో గీసినా నల్లగా రాలుతుంది. ఉక్కు అలా మెత్తబడదు.

ఇంకో పరీక్ష ఆకురాయితో చేయవచ్చు. తుప్పు తీసిన ఒక పంటి పక్క గోడ మీద సన్నని ఆకురాయిని మెల్లగా ఆడించండి. కరవకుండా జారిపోతే అది పైపొర గట్టిపరచిన ఉక్కు. అప్పుడు మామూలు పోత ఇనుము అన్న మాటకు తావుండదు.

ట్రాక్టరేమో అని ఎవరైనా అనవచ్చు కనుక ఆ మాట కూడా ఇక్కడే చెబుతాను. 1917లో తయారీ మొదలైన ఫోర్డ్‌సన్ ట్రాక్టరు వెనుక ఇరుసులో ఏటవాలు పళ్ల జత లేదు, మరచుట్టు లాంటి వర్మ్, దానికి అమరే చక్రం ఉండేవి. కాబట్టి ఆ ట్రాక్టరును ఇప్పుడే పక్కన పెట్టవచ్చు.

తోటమడి

మీ అందరి సూచనలకు కృతజ్ఞతలు. ముందుగా దొరికిన చోటును గీసి పెట్టుకుని, ఆ తరువాత మెత్తని కుంచెతో, నీటితో మట్టిని మాత్రమే తొలగించి చూశాను.

పళ్లు తిన్నగా ఉన్నాయి, ప్రతిదీ కేంద్రం వైపే చూస్తోంది. పంటికీ పంటికీ మందంలో తేడా కనిపించలేదు, అచ్చు గీత ఎక్కడా లేదు. ఆకురాయి జారిపోయింది. విరిగిన ముఖం గట్టిగా ఉంది, గీస్తే ఏమీ రాలలేదు. పినియన్‌కు 11 పళ్లున్నాయి. వలయంలో మిగిలినవి 28 పళ్లు. మొదటిదానికీ చివరిదానికీ మధ్య కోణం 243 డిగ్రీలు వచ్చింది, కాగితం మార్చి మళ్లీ గీసినా ఒక డిగ్రీకి మించి తేడా రాలేదు.

మరో సంగతి గమనించాను. ఇరుక్కుపోయిన బోల్టులలో ఒకదాని తలలో అడ్డంగా సన్నని రంధ్రం ఉంది, అందులో తీగ ముక్క లాంటిది మిగిలింది. మట్టిని జల్లెడ పట్టినప్పుడు వేలెడు పొడవు లేని స్తంభాకారపు ముక్కలు కొన్ని దొరికాయి. అవి గట్టి కడ్డీలు కావు, చదునైన ఉక్కు పట్టీని స్ప్రింగులాగా దగ్గర దగ్గరగా చుట్టి చేసినవి.

గేర్ల లెక్క

మీరు చివర్లో చెప్పిన చుట్టలే నా దృష్టిలో అన్నిటికంటే విలువైన ఆధారం, కానీ లెక్క ముందు పూర్తి చేద్దాం. 28 పళ్ల మధ్య ఎడాలు 27. 243ను 27తో భాగిస్తే సరిగ్గా 9 డిగ్రీలు, అంటే మొత్తం 40 పళ్లు. 39 పళ్ల చక్రమైతే మీకు దాదాపు 249 డిగ్రీలు రావాలి, 41 పళ్లదైతే దాదాపు 237. మీ కొలతలో ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా 40 అన్న జవాబు చెక్కుచెదరదు. 40కీ 11కీ ఉమ్మడి కారణాంకం కూడా లేదు.

తిన్నని పళ్లు, 40కి 11 లెక్క, సన్నబడే షాఫ్టు మీద కీతో బిగించే విడి పినియన్, ఈ మూడూ కలిసి ఫోర్డ్ మోడల్ టీ వెనుక ఇరుసును చూపిస్తున్నాయి. 1908 నుంచి 1927 దాకా తయారై, కోటీ యాభై లక్షలకు పైగా అమ్ముడైన ఆ కారు చాలా దేశాలకు చేరింది గనుక దాని భాగాలు ఎక్కడ బయటపడినా ఆశ్చర్యపోనక్కరలేదు. ఇంజను షాఫ్టు 3.64 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగే ఈ నిష్పత్తి ఆ బండి స్వభావానికి ఎలా సరిపోతుందో చూడండి. దాని ఇంజను నిమిషానికి 1,600 చుట్ల వద్ద సుమారు 20 అశ్వశక్తి ఇచ్చేది. ఆ వేగంలో వెనుక చక్రం నిమిషానికి 440 చుట్లు తిరుగుతుంది. 30 అంగుళాల వ్యాసమున్న చక్రం ఒక్క చుట్టులో దాదాపు 2.4 మీటర్లు పోతుంది. లెక్కవేస్తే గంటకు 63 కిలోమీటర్ల దాకా వస్తుంది, ఆ కారుకు పేరున్న వేగం కూడా అంతే. ట్రాక్టరుకైతే ఇంత తక్కువ తగ్గింపు ఏ పనికీ చాలదు.

ఇక చుట్టల సంగతి. అవి హయాట్ రోలర్ బేరింగుల రోలర్లు. గట్టి కడ్డీకి బదులు ఉక్కు పట్టీని చుట్టగా చుట్టి చేయడం వల్ల వాటికి కొద్దిగా వంగే గుణం ఉంటుంది, షాఫ్టు కాస్త వంకరగా ఉన్నా భారం రోలరు పొడవంతా పంచుకుంటుంది. మోడల్ టీ వెనుక ఇరుసులో వాడినవి ఇవే. పళ్ల లెక్క, రోలర్లు ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సాక్ష్యాలు, రెండూ ఒకేచోటికి చేరుతున్నాయి కాబట్టి నా వరకు సందేహం లేదు. బోల్టు తలలోని తీగ కూడా ఇందులో ఇమిడిపోతుంది. తిరిగే పెట్టెలో బోల్టు వదులైతే ఇరుసే ముక్కలవుతుంది గనుక, బోల్టులను ఒకదానికొకటి తీగతో కట్టేసేవారు.

పొలం యంత్రాలు

కోసిన పళ్లు, జారిన ఆకురాయి చూశాక పోత ఇనుప యంత్రాల పేరు ఎత్తడానికి లేదు. మోడల్ టీ అన్న గుర్తింపుతో నేనూ ఏకీభవిస్తున్నాను. ఒకే పేరు తలపించే మోడల్ టీటీ లారీ వెనుక ఇరుసులో వర్మ్ ఉండేది కనుక దానితో కలగాపులగం కాకుండా ఇది కారు జతే అని కూడా రాసుకోండి.

అయితే ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఈ భాగం దొరికింది కాబట్టి ఆ తోటలో ఒకప్పుడు కారు నిలిచి ఉండేదని అనుకోకూడదు. మోడల్ టీ ఇరుసులు బలమైనవి, చౌకగా దొరికేవి కూడా. కారు పాడయ్యాక వాటిని లాగుడు బండ్లకు అమర్చారు, రంపాలను, పంపులను తిప్పడానికి వాడుకున్నారు. మీ చక్రం కారు కింద విరిగిందా, ఇలాంటి రెండో బతుకులో విరిగిందా అన్నది చుట్టుపక్కల ఇంకేమి దొరుకుతాయో దాన్నిబట్టి తేలాలి. ఇరుసు గూడు ముక్కలు దొరికితే వదలవద్దు. పళ్ల లెక్క ఏళ్ల తరబడి మారలేదు గనుక ఈ చక్రం తయారైన సంవత్సరాన్ని చెప్పదు, గూడు ఆకారం మాత్రం మధ్యలో మారింది. రెండు సగాలూ గంటలాగా విచ్చుకున్న గూడు కనిపిస్తే అది 1915 నమూనాలనాటిది గాని, ఆ తరువాతిది గాని అవుతుంది.

తోటమడి

ఇంత వివరంగా తేలుతుందని నేను ఊహించలేదు, మీ అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. రెండు ప్రశ్నలు మిగిలాయి. దీన్ని తుప్పు పెరగకుండా భద్రపరచడం ఎలా? పాత కారు ఒకటి బాగుచేస్తున్న పరిచయస్తులు పినియన్ విరగలేదు కదా, ఇస్తారా అని అడుగుతున్నారు. ఇవ్వవచ్చా?

లోహ సంరక్షణ

ఆమ్లంతో మాత్రం మొదలుపెట్టవద్దు. ఆమ్లం తుప్పుతో ఆగదు, అడుగున ఉన్న లోహాన్ని కూడా తింటుంది, పలుచగా చెక్కిన అంకెలుంటే మొదట పోయేవి అవే. విద్యుత్తుతో తుప్పు వదిలించే పద్ధతి మేలు. ప్లాస్టిక్ తొట్టిలో లీటరు నీటికి 10 నుంచి 15 గ్రాముల చాకలి సోడా కలిపి, వస్తువును బ్యాటరీ చార్జరు ఋణ ధ్రువానికి, పనికిరాని మామూలు ఇనుప పలకను ధన ధ్రువానికి కలిపి, రెండూ తాకకుండా ముంచండి. ధన ధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టవద్దు, దానిలోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీటిలో చేరుతుంది. హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయాలి. చేయి పెట్టే ముందు చార్జరు ఆపాలి. అల్యూమినియం భాగమేదైనా దొరికితే దాన్ని ఈ తొట్టిలో వేయవద్దు, క్షారం దాన్ని కరిగిస్తుంది.

మట్టిలోని క్లోరైడులు ఇనుము లోపల మిగిలితే, ఎంత శుభ్రం చేసినా కొంతకాలానికి తుప్పు చెమర్చినట్టు మళ్లీ పైకి వస్తుంది. అందువల్ల తొట్టి నుంచి తీశాక కొత్త సోడా నీటిలో నానబెట్టి, ఆ నీటిని పలుమార్లు మార్చి, చివరిగా శుద్ధమైన నీటితో కడిగి, వెంటనే వేడి మీద పూర్తిగా ఆరబెట్టి, వెచ్చగా ఉండగానే మైనం పూయండి. వార్నిష్ వద్దు. అది ఒకచోట పగిలితే తేమ దాని కిందికి చేరుతుంది, అది మీకు కనిపించదు. చుట్ట రోలర్లలో ఒకదాన్ని తుప్పుతోనే ఉంచి విడిగా దాచమని కోరుతున్నాను, చుట్టు మధ్య ఇరుక్కున్న పాత గ్రీజు కూడా ఒక ఆధారమే.

గేర్ల లెక్క

పినియన్‌ను నడిచే బండికి ఇవ్వవద్దు. ఇంతకాలం భూమిలో ఉన్న పంటి పైపొరలో కంటికి కనిపించని గుంటలు పడి ఉంటాయి, పగులు మొదలయ్యేది అక్కడే. మోడల్ టీలో ఇది మరింత ప్రమాదం, ఎందుకంటే ఆ కారులో కాలితో నొక్కే బ్రేకు చక్రాల దగ్గర కాకుండా ముందున్న గేరుపెట్టెలో పనిచేస్తుంది. ఈ జత విరిగిందంటే గేరుపెట్టెకూ చక్రాలకూ ఉన్న లంకె తెగిపోతుంది, ఇంజను లాగడంతోపాటు ఆ బ్రేకు కూడా పోయినట్టే, వెనుక చక్రాల చేతి బ్రేకు ఒక్కటే మిగులుతుంది. ఆ ఇరుసులోని మెత్తని బాబిట్ లోహపు వాషర్లు చితికితే ఈ పళ్ల జత ఎడమై లంకె అలాగే తెగుతుంది, అందుకే వాటిని తీసేసి కంచువి వేయడం, బాగుచేసేవారు మొదట చేసే పనులలో ఒకటి. మీ పరిచయస్తులు ఇరుసు విప్పి ఉంటే, ఆ వాషర్లు మార్చారో లేదో తప్పక అడగండి.